ఇక్కడెవరూ తవ్వరు

సుశీలమ్మ ఆ పొద్దున పీటలు రెండే వేసింది.

వెంకటప్పయ్య మొహం కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని వంటింట్లోకి వచ్చేసరికి ఆ రెండూ నిండి ఉన్నాయి. ఒకదాని మీద మరదలు హైమ. రెండోదాని మీద హైమ మొగుడు గోపాలు. మూడో పీట, అంటే ఇరవై రెండేళ్లుగా వెంకటప్పయ్య కూర్చుంటున్న పీట, బడిలో లెక్క తప్పిన పిల్లాడిలా గోడకు నిలబడి ఉంది.

గోపాలు కంచంలో దోసె మీద దోసె. అంచులు ఎర్రగా కాలినవి. పెళ్లయిన ఇన్నేళ్లలో తన కంచంలో అలాంటి దోసె ఎన్నిసార్లు పడిందో వెంకటప్పయ్య వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. వేళ్లు మిగిలాయి.

"సుశీలా, నాకు?"

పెనం చుయ్యిమంది. సుశీలమ్మ దోసె తిరగేసింది.

"అక్కా, బావ అడుగుతుండు" అంది హైమ.

"ఇనపడ్డది. చెప్పేది చెప్పినంక తింటడు."

గోపాలు దోసె తుంచబోయి ఆగాడు. "ఏం చెప్పాలె వదినా?"

"మీ అన్నయ్యనే అడుగు. పొద్దు నెత్తి మీదికొచ్చే లోపల చెప్తడంట."

"ఏం లేదు గోపాలు. నిన్న మీ వదిన ఎండల తిరిగింది. తలకెక్కింది" అన్నాడు వెంకటప్పయ్య.

ఎవరూ నవ్వలేదు. అదీ ఆయన బాధ. ఇదే మాట గోపాలు అని ఉంటే సుశీలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, గోడకు చేరబడి మరీ నవ్వేది.

ఆ నవ్వే ఇంత దూరం తెచ్చింది.

నాలుగు నెలల కింద గోపాలు పాల్వంచలో వీళ్ల వాకిట్లో జీపు దిగాడు. టెలిఫోన్ డిపార్ట్‌మెంటులో ఇంజనీరు. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా రోడ్డు పక్కన భూమిలో గాజు తీగ వేయించే పని మీద వచ్చాడు. ఆ డిపార్ట్‌మెంటులోనే వెంకటప్పయ్య లైన్ ఇన్‌స్పెక్టరు. ఇరవై ఆరేళ్లుగా అడవిలో ఇనుప స్తంభాలు నాటించి, వాటి మీద రాగి తీగ లాగించి, కోతులతోనూ దొంగలతోనూ గాలివానతోనూ కొట్లాడినవాడు. తోడల్లుడు పైఆఫీసరై వచ్చి ఇంట్లోనే దిగితే ఎవరికైనా కాస్త మండుతుంది. అక్కడికి వెంకటప్పయ్య తట్టుకునేవాడే.

కానీ వచ్చిన రోజే గోపాలు వెంట్రుకలాంటి గాజు పోగు ఒకటి తీసి సుశీలమ్మ అరచేతిలో పెట్టాడు. "వదినా, భద్రాచలమంతా ఒక్కసారే మాట్లాడినా దీంట్ల పడుతది" అన్నాడు. సుశీలమ్మ కళ్లజోడు తెచ్చుకుని, గుమ్మం దాకా వెళ్లి, వెలుతురుకు పెట్టి చూసింది. వెంకటప్పయ్య బండెడు రాగి తీగ ఇంటి ముందు దించినప్పుడు ఆమె అడిగింది ఒక్కటే: వడియాలు ఆరబోసుకునే జాగాలో ఎందుకు పెట్టినవని.

ఆ తర్వాత పెనుబల్లి నుంచి మామగారు చెంచురామయ్య ఉత్తరం వచ్చింది. మూడు పక్కలా గోపాలు ఆరోగ్యం, గోపాలు ఉద్యోగం, గోపాలు జీపు. నాలుగో పక్కన, ముద్ర కొట్టే చోటు వదిలేసి, మిగిలిన సందులో, "వెంకటప్పయ్యను అడిగానని చెప్పు."

వెంకటప్పయ్య ఊరుకునే రకం కాదు. మర్నాడు గోపాలు చాయలో చెంచాడు ఉప్పు కలిపాడు. గోపాలు గ్లాసు అడుగుదాకా తాగి, "మీ ఊరి నీళ్ల రుచే వేరు అన్నయ్యా" అన్నాడు. సుశీలమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. వేళాకోళం చేసింది తను, మెప్పు వాడికి పోయింది.

అందుకే రెండు నెలల కింద, అరుగు మీద మ్యాపు పరుచుకుని గోపాలు అడిగినప్పుడు, వెంకటప్పయ్యకు నోరు దురద పెట్టింది.

"అన్నయ్యా, రాళ్లకుంట మలుపు కాడ రెండు కిలోమీటర్లు రాతినేల. ఐదడుగుల లోతు పోదు, రెండడుగులే పోతది. అట్లాంటి చోట ఇనుప గొట్టం వేసి పైన కాంక్రీటు పొయ్యాలె. మనుషులు తిరగని చోటైతే అక్కర్లేదు. ఆ జాగా మీకే తెల్సు. అక్కడ ఎవరన్నా తవ్వుతరా?"

"ఇక్కడెవరూ తవ్వరు" అన్నాడు వెంకటప్పయ్య, మ్యాపు మీద వేలు పెట్టి. "కాకి గూడ వాలదు."

గోపాలు అది రాసుకున్నాడు. కింద వెంకటప్పయ్య చేత సంతకం కూడా పెట్టించుకున్నాడు. అప్పుడు చాయ గ్లాసులు పట్టుకుని సుశీలమ్మ పక్కనే నిలబడి ఉంది.

నిన్న మధ్యాహ్నం బద్యా మజ్జిగకు వచ్చాడు. వెంకటప్పయ్య గ్యాంగులో మజ్దూరు, తండా మనిషి. లోపల ఏదీ దాచుకోడు. "అమ్మా, వారం దినాలకు బీడీల తునికాకు కోత మొదలైతది. మా తండా అంత ఆకు ఆరబెట్టే కల్లానికే పోతం. యేటా లెక్కనే రాళ్లకుంట మలుపు కాడ. పందిరి గుంజలకు గుంటలు తవ్వేది నేనే, గడ్డపార గూడ సాన పట్టించిన" అని చెప్పి మజ్జిగ తాగి పోయాడు.

చెంబు పట్టుకుని ఉన్న సుశీలమ్మకు అరుగు మీద మొగుడన్న మాట గుర్తొచ్చింది. సాయంత్రం మొగుడు ఇంటికి వచ్చేసరికి ఆ ఇంట్లో మాటలు బందయ్యాయి.

*

దోసె దక్కని వెంకటప్పయ్య పెరట్లోకి నడిచాడు. బోరింగు కాడ సుశీలమ్మ బిందె నింపుతోంది.

"పన్నెండింటికి, రాళ్లకుంట కాడ గొట్టం అక్కర్లేదని ఆ కాయితం మీద సంతకం పెట్టి, హైదరాబాదు పెద్దసారుకు ఫోన్ల చెప్తడంట. హైమ చెప్పింది" అంది ఆమె, బిందెతో మాట్లాడుతున్నట్టు.

"పెట్టనీ."

"నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

"ఏం చెప్పాలె? మర్చిపోయిన అని చెప్పాల్నా?"

"ఇరవై ఆరేండ్ల సంది ప్రతి ఎండాకాలం ఆ కల్లం కాడ కూసోని బీడీ తాగినోడివి. ఆకు కట్టల మీద పండి నిద్రపోయినోడివి. మర్చిపోయినవా?"

వెంకటప్పయ్య బోరింగు పిడి పట్టుకుని ఊరికే నాలుగుసార్లు కొట్టాడు. బిందె పొంగి నీళ్లు సుశీలమ్మ కాళ్ల మీద పడ్డాయి. ఆమె జరగలేదు.

"ఒక్క గడ్డపార పోటు చాలంట. భద్రాచలం మొత్తం నోరు పడిపోతదంట. గోదారి పొంగిందని చెప్పనీకి గూడ ఫోనుండదు. ఆఖరి సంతకం పెట్టేటోడు గోపాలు. పోటు పొడిసేటోడు బద్యా. ఇద్దరి కొలువులూ పోతయి. నువ్వేమో ఇంట్ల కూసోని దోసెలు తింటవు."

"దోసెలు పెడితే గద."

"ఆటలొద్దు. ఎందుకు చేసినవ్?"

పక్కింటి గోడ మీద కోడిపుంజు ఒకటి ఇటు చూసి, అటు చూసి, దిగిపోయింది.

"వాడొచ్చిన కాడి నుంచి నేన్నీ కంటికి ఆనుతలేను" అన్నాడు వెంకటప్పయ్య.

సుశీలమ్మ బిందె చంకన ఎత్తుకుంది. "వాడు నవ్విచ్చిండు, నేను నవ్విన. నువ్వు నవ్వియ్యి, వద్దంటనా? చెప్పిన జోకే ఇరవై రెండేండ్లు చెప్తే ఎట్ల నవ్వాలయ్యా" అని లోపలికి పోయింది.

బయట జీపు హారను మోగింది.

*

జీపు నడుపుతూ గోపాలు, పక్కన వెంకటప్పయ్య. వెనక సామాను మీద బద్యా. ఎండ అప్పుడే మొహం మీద కొడుతోంది. రోడ్డుకు అటూ ఇటూ మోదుగ చెట్లు ఆకు రాల్చి, ఉన్న నాలుగు పూలూ పట్టుకుని నిలబడ్డాయి.

వెంకటప్పయ్య ఎక్కడ మొదలుపెట్టాలా అని గొంతు సవరించుకున్నాడు. ప్రతిసారీ గేరు మారి శబ్దం వచ్చింది. ఆయన దాన్ని సాకుగా పెట్టుకుని నాలుగు మైళ్లు లాగాడు.

"అన్నయ్యా, మీకొకటి చెప్పాలె" అన్నాడు గోపాలే. "సంతకమైనంక చెప్దామనుకున్న. ఆగలేకున్న."

"చెప్పు."

"ఇప్పుడు భద్రాచలానికి గాజు తీగ ఒకటే దారి, రోడ్డు పక్కన. ఎంత లోతు వేసినా ఏదో ఒక రోజు ఎక్కడో ఒక చోట తెగుతది. తెగితే అంతే. రెండో దారి ఉండాలె. చేతి గాజు లెక్క చుట్టు తిరిగి కలవాలె. ఈ పక్క తెగితే మాట ఆ పక్క నుంచి తిరిగి వస్తది. అవునా?"

"అవ్."

"ఇంకో కాలువ తవ్వనీకి మంజూరు లేదన్నరు. నేను రెండు నెలలు తలగోక్కున్న. తవ్వుడెందుకు? అడవిల మీ స్తంభాలున్నయి గద. వాటి మీదనే రెండో తీగ ఏలాడదీస్తె అయిపోతది. కాలువ లేదు, గొట్టం లేదు."

వెంకటప్పయ్య తల తిప్పి చూశాడు. "ఆ స్తంభాలు ఈ వానలకల్ల పీకేస్తమన్నరు. లిస్టు గూడ వచ్చింది."

"పీకొద్దని రాసిన. స్తంభాలుంటే మీ గ్యాంగు తొమ్మిది మంది గూడ ఈడనే ఉంటరు. లేకపోతే ఎవరిని ఎక్కడికి తోలుతరో."

వెనక నుంచి బద్యా ఇదంతా విన్నాడు. ఈలలాంటిది ఒకటి మొదలుపెట్టాడు.

"మరి దానికి ఖర్చు?" అన్నాడు వెంకటప్పయ్య. అడుగుతుండగానే జవాబు ఎక్కడి నుంచి వస్తుందో తెలిసిపోయింది.

"మీ చలవే. రాళ్లకుంట కాడ రెండు కిలోమీటర్ల గొట్టమూ కాంక్రీటూ మిగిలినయి గద. ఆ మిగులే ఇటు పెట్టిన. లెక్క సరిగ్గ సరిపోయింది."

వెంకటప్పయ్య తను తవ్విన గుంటలో పడేది గోపాలనుకున్నాడు. గుంట పక్కన నిలబడి చూద్దామనుకున్నాడు. తీరా చూస్తే అందులో తన స్తంభాలే ఉన్నాయి.

దానికన్నా ఎక్కువ బాధ ఇంకొకటి. తన స్తంభాలు ఇంకా పనికొస్తాయన్న ఆలోచన ఇరవై ఆరేళ్లుగా వాటిని ఎక్కి దిగుతున్న తనకు రాలేదు. అదీ వీడికే రావాలా?

*

రాళ్లకుంట మలుపు కాడ నల్లటి బండ నేల మీద పరుచుకుని ఉంటుంది. పొద్దెక్కితే కాలు పెట్టలేం. తునికాకు కట్టలు దాని మీద పరిస్తే మూడు రోజుల్లో గలగలమంటాయి. అందుకే ఏ కాంట్రాక్టరు వచ్చినా కల్లం ఇక్కడే. బండకూ రోడ్డుకూ మధ్య ఎర్ర గులక మొరం నేల. ఒక ఏడు ఈ కొసన, ఒక ఏడు ఆ కొసన పందిళ్లు వేస్తారు. ఆ మొరంలోనే, రెండడుగుల కింద, గాజు తీగ పడుకుని ఉంది.

అడవిలోంచి వచ్చే పాత స్తంభాల వరస ఆ మలుపులోనే రోడ్డు దాటుతుంది.

గోపాలు జీపు ముందు భాగం మీద ఫైలు పరిచి పెన్ను మూత తీశాడు. వాచీ చూసుకున్నాడు. పదకొండున్నర.

"గోపాలు, ఆగు."

"ఏందన్నయ్యా?"

"ఈడ తవ్వుతరు."

గోపాలు అర్థం కానట్టు చూశాడు.

"యేటా తవ్వుతరు. వచ్చే వారం తవ్వుతరు. తునికాకు కల్లం ఈడనే. పందిరి గుంజలకు రెండడుగుల గుంటలు తీస్తరు. నాకు తెల్సు. ముందే తెల్సు."

బద్యా ఈల ఆగిపోయింది. "అవ్ సారూ, ఈడనే" అని, ఏదో కాని మాట అన్నానేమోనని ఇద్దరి మొహాలూ చూసి, కుంట వైపు నడిచాడు.

గోపాలు పెన్ను మూత పెట్టాడు. ఫైలు మూశాడు. వెంకటప్పయ్య తిట్లకోసం కాచుకుని నిలబడ్డాడు. తిడితే తనూ రెండు తిట్టొచ్చు. పెద్దల్లుడినని చూడకుండా తిట్టాడని పెనుబల్లికి ఉత్తరం రాయొచ్చు. గోపాలు మాత్రం బండ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఈ ఓర్పు కూడా వాడి సొత్తే అయినందుకు వెంకటప్పయ్యకు ఆ నిమిషంలోనూ మండింది.

"కల్లం జరపమంటే?" అన్నాడు గోపాలు చివరికి.

"జరపరు. ఇట్లాంటి బండ చుట్టుపక్కల లేదు. తీగ అటు పక్కకు మారిస్తే?"

"అటు పక్క ఫారెస్టోళ్లది. పర్మిషనుకు ఏడాది." గోపాలు ఇటు తిరిగాడు. "ఎందుకు చెప్పలేదన్నయ్యా?"

వెంకటప్పయ్య దగ్గర అబద్ధాలు మూడు నాలుగు తయారుగా ఉన్నాయి. ఏదీ నోటిదాకా రాలేదు.

"మా ఆవిడ నీ మాటలకు నవ్వుతది" అన్నాడు.

ఆ మాట బయటికొచ్చాక ఎంత చిన్నగా ఉందో ఆయనకే తెలిసింది. గోపాలు మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. నవ్వు మాత్రం కాదు.

"హైమ నన్నేమంటదో మీకు తెల్సా?"

"ఏమంటది?"

"'మా బావ గోదారి పొంగినప్పుడు నడుముకు తాడు కట్టుకుని ఈదుకుంట పోయి తీగ ముడేసిండు. నువ్వేమో కాయితం మీద గీతలు గీస్తవు' అంటది. పెండ్లైన కాడి నుంచి ఇదే పాట. నాలుగు నెలలు మీ ఇంట్ల ఉన్న. మా బావ, మా బావ. మీ గ్యాంగోళ్లు నేను చెప్తే తలకాయ ఊపుతరు, మీరు దగ్గితే పని చేస్తరు."

వెంకటప్పయ్య నోరు తెరుచుకుని విన్నాడు. ఇంత మంచి మాట ఇన్నాళ్లూ ఎవరూ తన చెవిన వెయ్యలేదు.

"స్తంభాలు ఉంచమని రాసింది మీ మీద ప్రేమతోటనుకున్నరా?" గోపాలు గొంతు సన్నబడింది. "కొంచెం ప్రేమే. మిగతాది, మీ స్తంభం మీద నా తీగ ఉండాలని. అడవంత నడిచి చూసినా నా తీగే కనపడాలని."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక బండ వైపు చూశారు.

"ఇంతకీ ఇప్పుడేం చేస్తవ్?" అన్నాడు వెంకటప్పయ్య.

"తవ్వే జాగా అని తేలినంక గొట్టం వెయ్యకపోతే తప్పు నాది. గొట్టం వేస్తే అడవి దారికి పైసలు మిగలవు, స్తంభాలు పీకేస్తరు, మీ గ్యాంగు చెదిరిపోతది. గొట్టం వదిలేసి అడవి దారి ఉంచుకుంటే ఈడ యేటా తెగుతది, కానీ మాట చుట్టు తిరిగి పోతది. రెండో తీగ గుంజేదాక మాత్రం, ఈ ఎండాకాలం, ఈ వానలు, భద్రాచలం గడ్డపార కింద ఉంటది. పెద్దసారు పన్నెండు దాక ఫోన్ కాడ కూసుంటడు. ఏదో ఒకటి చెప్పాలె."

"మాటల్లనే టైమైపోయింది, పాల్వంచ పోయేసరికి పన్నెండు దాటుతది."

"తెల్సు." గోపాలు తలెత్తి రోడ్డు దాటే స్తంభం వైపు చూశాడు. "మీ సంచిల టెస్టు ఫోనుంది గద. పైకెక్కి తీగకు తగిలిస్తే ఎక్స్‌చేంజి వస్తది. హైదరాబాదు కలపమనండి."

"నువ్వెక్కు. సారువి నువ్వు."

"నాకు ఎక్కుడు రాదన్నయ్యా."

ఇంకో రోజైతే ఆ మాటను వెంకటప్పయ్య ఊరంతా తిరిగి చెప్పుకునేవాడు. ఇవాళ సంచి భుజాన వేసుకున్నాడు.

"ఎక్కి ఏం చెప్పాలె?"

"మీరు చెప్పిందే రాస్త. నేల మీది సంగతి నాకు తెల్వదు. ఒకసారి మీ మాట రాసుకున్న. ఇంకోసారి రాసుకుంట."

"గిదేం పంచాయితీ గోపాలు. కోపముంటే తిట్టు."

గోపాలు ఫైలు మళ్లీ అందుకున్నాడు.

వెంకటప్పయ్య స్తంభం ఎక్కాడు. ఇనుము కాలిపోతోంది. యాభై ఏళ్ల మోకాళ్లు రెండూ రెండు రకాలుగా మూలిగాయి. సగం ఎక్కాక కిందికి చూస్తే కుంట కాడి నుంచి బద్యా తిరిగి వచ్చి, స్తంభం మొదట్లో మొలిచిన గడ్డి పీకుతున్నాడు. ఇక నుంచీ ఇది తనదే అన్నట్టు, శ్రద్ధగా, చుట్టూ తిరిగి పీకుతున్నాడు.

పైకి చేరి, కాలు మెలేసి, రెండు కొక్కేలూ రాగి తీగకు తగిలించాడు. ఎక్స్‌చేంజి పలికింది. హైదరాబాదు పలకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ పాత తీగ ఆ రోజు ఎన్నడూ లేనంత సాఫుగా పలికింది.

"గోపాలరావు గారేనా?" అంది అవతలి గొంతు.

"కాదు సార్. లైన్ ఇన్‌స్పెక్టరు వెంకటప్పయ్యను."

"మీరేనా? రాళ్లకుంట సెక్షన్‌కు సంతకం పెట్టింది మీరే కదా. చెప్పండయ్యా, గొట్టం అక్కర్లేదనే రాసుకోనా?"

కింద గోపాలు ఫైలు తెరిచి, పెన్ను మూత తీసి, తల పైకెత్తి ఆయన నోటి వైపే చూస్తున్నాడు.